మార్పు చేప నీళ్లు లేకుండా ఎలా బతుకుతుంది? మార్కెట్లో అమ్మేది అదేనా?

మీరు మార్కెట్లో మార్పు అని కొన్న చేప తడి గోనెసంచిలో గంటల తరబడి ప్రాణంతో ఉందన్నారు కదా, మార్పుకు అది మామూలే. మొప్పలతో పాటు వాటి పైన, తలలోని గదుల్లో, గాలి పీల్చే అవయవం దానికి విడిగా ఉంటుంది. మా ఇంట్లో ఈ చేపను బూడిద రాసి పట్టుకుని కోస్తారు. పొలుసు లేని జారుడు ఒళ్లు, ఉత్త చేతికి చిక్కదు. తల చీల్చి చూస్తే పగడపు కొమ్మల్లా విచ్చుకున్న ముదురు ఎర్రటి కండ కనిపిస్తుంది. గుటకేసిన గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలో కలుస్తుంది. పైకి రానివ్వకుండా నీటిలోనే ఆపేస్తే మాత్రం ఊపిరాడక చస్తుంది. మా ఊళ్లో తూము కింద మడుల్లో చూసేవాళ్లం: బురద నీటి మీద మీసాల మూతి క్షణంసేపు తేలి, బుడగ వదిలి మునిగిపోయేది.

కుంటలు, వరి మడులు, కలుపు నిండిన మురుగు నీళ్లు దాని ఇల్లు. ఎండాకాలం నీళ్లు ఇంకిపోతే తడి బురదలో దూరి ఉంటుంది. వానలు పడగానే రొమ్ము రెక్కల ముళ్లు నేలకు ఆనించి, ఒళ్లు మెలికలు తిప్పుతూ గట్టు దాటేస్తుంది. ఆ ముళ్లతో జాగ్రత్త, గుచ్చుకుంటే చెయ్యి చాలాసేపు సలుపుతుంది. వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది. గట్టు వార గుంటలో పెట్టిన ఆ గుడ్లకు మగచేప కాపలా కాస్తుంది.

ఇక మీరు కొన్నది. కిలో, రెండు కిలోలు తూగి, పెద్ద చదును తలతో, ఒంటి మీద బూడిదరంగు మచ్చలుంటే అది చాలావరకు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. అది కూడా గాలి పీలుస్తుంది కాబట్టి, ప్రాణంతో ఉందని చూసి నాటుది అనుకోవద్దు. చెరువులోకి జారిందంటే చిన్న చేపల్ని మింగేస్తుంది. అందుకే దాని పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, నాకు బాధ కలిగించేది అదే. నాటు మార్పు చిన్నది, తల కూడా చిన్నదే, ఒళ్లంతా గోధుమ నలుపు. హేచరీలో పిల్లల్ని తీయాలంటే మగచేపను కోసి వీర్యం తీయాలి, పొట్ట నొక్కితే రాదు. అందుకే నాటు పిల్లలు అంత తేలిగ్గా దొరకవు.