సిగ్నల్ దగ్గర కీచుమంటున్న బాక్స్‌టర్

ప్రశ్న: నాది 2008 పోర్షే బాక్స్‌టర్ ఎస్. ఈ మధ్యే నాలుగు చక్రాలకూ బ్రేకు ప్యాడ్లు మార్పించాను. రెండు వారాలు బాగానే ఉంది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగుతుంటే ముందు చక్రాల్లోంచి కీచుమని చెవులు చిల్లులు పడేలా చప్పుడు వస్తోంది. గట్టిగా తొక్కితే రాదు. గ్యారేజీలో డిస్కులు కూడా మార్చాలంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డిస్కులకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలు అరుగుదలవి కావు, అదురువి. బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనినప్పుడు ప్యాడ్ డిస్కును పట్టుకుని జారుతూ, మళ్లీ పట్టుకుని జారుతూ సెకనుకు వేలసార్లు వణుకుతుంది. దాంతో డిస్కు గంటలా మోగుతుంది. గట్టిగా తొక్కితే పిస్టన్లు ప్యాడ్‌ను అదిమి పట్టేస్తాయి కాబట్టి మోత ఆగుతుంది. ఒకవేళ ఇనుము ఒరుసుకుంటున్నట్టు గరగరలాడినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా అది వేరే సంగతి. అప్పుడు బండి నడపకుండా వెంటనే చూపించండి.

ప్యాడ్లు మార్చాకే మొదలైంది కాబట్టి మా మొదటి అనుమానం డ్యాంపర్ల మీద, అంటే ప్యాడ్ వణుకును అణిచే ప్లేట్ల మీద. ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగమే కాలిపర్. మీ కారు ముందు కాలిపర్లలో ఒక్కోదానికి నాలుగు పిస్టన్లుంటాయి. ప్రతి పిస్టన్ గుంతలోనూ స్ప్రింగు చెవులున్న గుండ్రటి ప్లేటు ఒకటి కూర్చుంటుంది. దాని రెండో ముఖానికి ఉన్న జిగురు ప్యాడ్ వీపుకు అతుక్కుంటుంది. వణుకును మింగేది అదే. ఆ జిగురు ఒక్కసారికే పనికొస్తుంది. పాతవే మళ్లీ పెట్టినా, అసలు పెట్టకుండా వదిలేసినా కీచుమనడానికి దారి తెరిచినట్టే. పిస్టన్లు రెండు సైజుల్లో ఉంటాయి, డ్యాంపర్లూ అంతే. డిస్కు ప్యాడ్‌లోకి వచ్చే వైపు చిన్న పిస్టన్ ఉంటుంది. ఆ కొస సహజంగానే ఎక్కువ కరుచుకుంటుంది కనుక అక్కడ ఒత్తిడి తగ్గించడానికి అలా చేశారు. డ్యాంపర్లు తారుమారు చేయకండి.

పనికి కాలిపర్ విప్పక్కర్లేదు. చక్రం బోల్టులు నేల మీదే కాస్త వదులు చేసి, బండిని లేపి, స్టాండు మీద నిలబెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందికి చేతులు పెట్టకండి. క్లిప్పు తీసి, పిన్ను లాగి, స్ప్రింగు తప్పించండి. ప్యాడ్ అరుగుదలను తెలిపే సెన్సర్ వైరును మెల్లగా విడదీసి, పాత ప్యాడ్‌ను ఆసరాగా పెట్టి పిస్టన్లను వెనక్కి నెట్టండి. అప్పుడు బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగి పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, ఒక కన్ను దాని మీద ఉంచండి.

అసలు జాగ్రత్త కావలసింది ఇక్కడే. కాలిపర్‌లో ప్యాడ్ జారే చోట సన్నని ఉక్కు పట్టీలుంటాయి. వాటి కింద అల్యూమినియం తుప్పు పట్టి తెల్లగా ఉబ్బితే పట్టీలు పైకి లేచి ప్యాడ్‌ను బిగించేస్తాయి. అప్పుడు ప్యాడ్ వెనక్కి పోదు, డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. విశాఖలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ముందుగా వస్తుంది. ప్యాడ్ చేత్తో తోస్తే కదలాలి. సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే పట్టీలు విప్పి ఆ పొడి గీకాల్సిందే. వాటి స్క్రూలు చిన్నవి, విరిగిపోతాయి. తుప్పు వదిలించే ద్రవం పెట్టి, కాసేపు నానాక తిప్పండి. ఆ ద్రవం డిస్కుకు తగలకూడదు.

ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే 120 నంబరు ఎమరీ పేపర్‌ను చదునైన గాజు మీద పరిచి, తడిపి, మెరుపు పోయేదాకా రుద్దండి. ముందు, వెనక అంచులను ఆకురాయితో 45 డిగ్రీల వాలుగా 3 మి.మీ. మేర దించండి. మాస్కు తప్పనిసరి. అరిగి 2 మి.మీ. దగ్గరికి వచ్చిన ప్యాడ్‌కు ఈ శ్రమ వద్దు, మార్చేయండి. డిస్కును బ్రేకు క్లీనర్‌తో కడిగి, మందాన్ని మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కొలత అంతకంటే తగ్గిందంటే గ్యారేజీవాళ్ల మాటే నిజం.

సెరామిక్ గ్రీజు ప్యాడ్ చెవులు జారే చోట పలుచగా చాలు. జిగురుకూ ప్యాడ్ వీపుకూ మధ్య రాస్తే డ్యాంపర్ ఊడుతుంది. ముఖానికి అంటితే ఆ ప్యాడ్ పారేయాల్సిందే. పిన్ను, స్ప్రింగు, క్లిప్పు కొత్తవి వేసి, చక్రం బోల్టులు 130 న్యూటన్ మీటర్లకు బిగించండి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకు నేల దాకా పోతుంది.

తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 80 కి.మీ. నుంచి 20కి, పూర్తిగా ఆగకుండా, ఓ ఎనిమిదిసార్లు ఒక మోస్తరుగా తగ్గించండి. ఆ వెంటనే పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద ఆగితే ప్యాడ్ పూత ఒకచోటే అతుక్కుంటుంది. ఔటర్ రింగు రోడ్డు ఇందుకు పనికిరాదు, వెనకొచ్చేవాళ్లు మీరు వేగం తగ్గిస్తారని అనుకోరు.

ప్రశ్న: రేసు ట్రాక్ ప్యాడ్లు వేస్తే బ్రేకులు బాగా పట్టి చప్పుడు పోతుందా?

జవాబు: పోదు, పెరుగుతుంది. అవి బాగా వేడెక్కాకే పట్టేలా చేసినవి. ఊళ్లో ఆ వేడి రాదు కనుక చల్లగా ఉన్నంతసేపూ అరుస్తాయి, మొదటి బ్రేకు కూడా బలహీనంగా ఉంటుంది.

ప్రశ్న: వాన పడ్డ మర్నాడు పొద్దున మాత్రమే గరగరమంటోంది.

జవాబు: పోత ఇనుప డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టిన తుప్పు అది. నాలుగైదు బ్రేకులకు పోవాలి. పోకపోతే ప్యాడ్ ఇరుక్కుందేమో చూడండి.