మేనకోడలికి, కొత్త ఫోన్ చేతికి వచ్చిన సందర్భంగా

చిరంజీవి చిట్టితల్లికి, మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ మొదటి జీతంతో కొత్త స్మార్ట్‌ఫోన్ కొనుక్కున్నావనీ, ఈ ఆదివారం పాత ఫోన్‌లో ఉన్నవన్నీ దానిలోకి మార్చుకోబోతున్నావనీ, ఇంట్లో ఒక్కొక్కరి గొంతూ రికార్డు చేసి, ఎవరు పిలిస్తే వాళ్ల గొంతే మోగేలా రింగ్‌టోన్లు పెట్టుకుంటానన్నావనీ మీ నాన్న చెప్పాడు. ఎవరి సొమ్మూ ఆశించకుండా నీకు కావలసింది నువ్వే కొనుక్కున్నందుకు కడుపు నిండినట్లయింది. గొంతుల మాట విన్నాక మాత్రం ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

స్క్రీన్‌కు గట్టి పిన్ పెట్టుకో, అప్‌డేట్ వస్తే వాయిదా వేయకు, ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకు. ఇవి నీకు తెలియనివి కావు.

నెంబర్ల దగ్గర మాత్రం తొందరపడవద్దు. సిమ్ కార్డులో దాచిన నెంబరుకు పేరూ అంకెలూ తప్ప పెద్దగా ఏమీ అంటిపెట్టుకుని ఉండవు. ఫోటో గానీ, ప్రత్యేకమైన రింగ్‌టోన్ గానీ తగిలించాలంటే అది ఫోన్‌లోనో గూగుల్ ఖాతాలోనో ఉండాలి. కాబట్టి మొదట అన్నిటినీ ఖాతాలోకి చేర్చుకుని, ఆ తరువాత కాంటాక్ట్స్‌లో మనిషి పేరు తెరిచి, పై మూలనున్న మూడు చుక్కలను నొక్కితే రింగ్‌టోన్ మార్చే వీలు కనిపిస్తుంది. నువ్వు రికార్డు చేసినదాన్ని ఫోన్ మెమరీలోని రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో పెడితే జాబితాలోకి వస్తుంది. మాటకు ముందున్న నిశ్శబ్దాన్ని కత్తిరించెయ్యి, లేకపోతే మోగుతున్నా మోగనట్లే ఉంటుంది.

ఈ గొంతుల ఆలోచన నాకు నచ్చలేదని అనుకోకు. 1994లో నోకియా 2110తో వచ్చిన ఆ నోకియా ట్యూన్ తరువాతి రోజుల్లో ఎంతగా పాకిందంటే, నలుగురున్న చోట ఒక ఫోన్ మోగితే నలుగురూ సంచులు తడుముకునేవారు. అలాంటి కాలం చూసినదాన్ని కనుక, పిలిచేది ఎవరో ఫోన్ చూడకుండానే తెలియడం ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. నేనూ ఆ హాయినే కోరుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నా మొదటి స్మార్ట్‌ఫోన్ రోజుల్లో, ఒక మధ్యాహ్నం మీ నానమ్మ బట్టలు మడతపెడుతూ తనలో తాను కూనిరాగం తీసుకుంటుంటే తలుపు చాటు నుంచి రికార్డు చేశాను. ఇరవై రెండు సెకన్లు. మధ్యలో దుప్పటి దులిపిన చప్పుడు, చివర గాజుల గలగల, చిన్న దగ్గు. దానినే అమ్మ నెంబరుకు రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాను. అది వినిపిస్తే ఏ పనిలో ఉన్నా లేచి పరుగెత్తేదాన్ని. మామూలు మోత వినిపిస్తే నిదానంగా లేచేదాన్ని, ఒక్కోసారి లేచేదాన్నే కాదు. నాకు తెలియకుండానే, ఎవరికి పలకాలో ఎవరికి పలకనక్కరలేదో తేల్చే పనిని నా చెవికి అప్పగించేశాను.

కొన్నాళ్లకు మెమరీ నిండిపోయిందని ఫోన్ మొరాయించింది. అదంతా శుభ్రం చేస్తానన్న ఒక యాప్‌ను వెతికి పట్టుకుని వేసుకున్నాను. అప్పటి ఆండ్రాయిడ్‌లో అనుమతులన్నీ యాప్ వేసుకునేటప్పుడే ఒకే జాబితాగా వచ్చేవి, ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకోవలసిందే. ఒక్కొక్క అనుమతినీ అవసరమైనప్పుడు విడిగా అడిగే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. నేను ఆ జాబితా చదవలేదు. తరువాత అనవసరమైన ఫైళ్లంటూ అది చూపిన జాబితానూ చదవలేదు. అన్నిటినీ ఎంచుకుని తుడిచేశాను. వాటిలో అమ్మ కూనిరాగం ఉంది. రింగ్‌టోన్ ఫైలు పోయినప్పుడు ఫోన్ మనకేమీ చెప్పదమ్మా, చప్పుడు చేయకుండా మామూలు మోతకు మారిపోతుంది.

నాలుగో రోజున కుట్టుపని ముందేసుకుని కూర్చున్నాను. పక్కగదిలో ఫోన్ మోగింది. మామూలు మోత. ప్రకటనల వాళ్లెవరో అనుకుని, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాను. మళ్లీ మోగింది, మూడోసారీ మోగింది. అమ్మ అయితే కూనిరాగం వచ్చేది కదా అనుకున్న సంగతి కూడా నాకు గుర్తుంది. గంటన్నర తరువాత వెళ్లి చూస్తే మూడు మిస్డ్ కాల్స్, మూడూ అమ్మవే. తడి నేల మీద కాలు జారి పడి, లేవలేక, నడుమున దోపుకున్న తన చిన్న ఫోన్‌తో నాకు చేసింది. ఆమెకు నోటికి వచ్చిన నెంబరు నాది ఒక్కటే. నేను పరుగున వెళ్లేసరికి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. మడమ బెణకడంతో సరిపోయింది. “పనిలో ఉన్నావేమో అనుకున్నానులేవే” అంది నన్ను చూడగానే. తిట్టినా బాగుండేది.

ఆ రికార్డింగు మళ్లీ దొరకలేదు. పాడమని అడిగితే నవ్వేది గానీ రాగం తీసేది కాదు. ఇప్పుడు అడుగుదామన్నా మనిషి లేదు.

అందుకే చెబుతున్నాను, తల్లీ. నువ్వు తీసే ప్రతి గొంతునూ రింగ్‌టోన్‌గా పెట్టకముందే గూగుల్ డ్రైవ్‌లో ఒక ప్రతి, వేరే చోట ఇంకొక ప్రతి దాచు. శుభ్రం చేసే యాప్‌ల జోలికి పోకు; చోటు కావాలంటే నీ కళ్లతో చూసి నువ్వే తీసెయ్యి. గూగుల్ ఫైల్స్ యాప్‌లో తీసేసినవి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, ఆలోగా గుర్తొస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. టార్చిలైటు యాప్ నీ కాంటాక్ట్స్ ఎందుకు అడుగుతోందో ఆలోచించకుండా అనుమతి ఇచ్చావంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

రాత్రి పూట ఫోన్‌ను పూర్తిగా సైలెంట్‌లో పెట్టి పడుకుంటావట. అది మానెయ్యి. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని, అమ్మానాన్నలను స్టార్ గుర్తున్న కాంటాక్ట్స్‌లో చేర్చి, వారి కాల్స్‌కు మినహాయింపు ఇవ్వు. 15 నిమిషాల్లో ఒకరే రెండోసారి చేస్తే మోగనిచ్చే వీలు కూడా ఆండ్రాయిడ్‌లో ఉంది, దానినీ ఆన్ చేసుకో. వాట్సాప్ కాల్స్‌కు రింగ్‌టోన్ వాట్సాప్‌లోనే విడిగా పెట్టుకోవాలి, కాంటాక్ట్స్‌లో పెట్టినది అక్కడికి రాదు. ఏ మోత వచ్చినా ఒక్కసారి స్క్రీన్ వైపు చూడు. అది ఒక్కటీ నా మాటగా గుర్తుపెట్టుకో.

నా గొంతు రికార్డు చేసి మీ నాన్న ఫోన్‌కు పంపాను. మూడుసార్లు తీశాను. మూడోదానిలో గొంతు వణకలేదు, అది వాడుకో. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు నీకు ఫోన్ చేస్తాను. వెంటనే ఎత్తకు, చివరిదాకా మోగనిచ్చి, నా గొంతే వచ్చిందో లేదో నువ్వే తిరిగి ఫోన్ చేసి చెప్పు. నేను ఫోన్ పక్కనే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య