మండువా ఇల్లు బాగుచేయిస్తున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మడికి, మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు పంపిన ప్లానూ, ఆ త్రీడీ బొమ్మలూ చూశాను. బొమ్మలు బాగున్నాయి. ఇంటి మధ్య ఆకాశానికి తెరిచి ఉన్న ఆ మండువా మీద స్లాబు, గోడ తీసేసి హాల్లోకి కలిపేసిన వంటిల్లు, మీ అమ్మ గదిలోనే బాత్రూము, నేలంతా తెల్లటి టైల్సు, పైన ఫాల్స్ సీలింగు. బొమ్మలో సోఫా మీద కూర్చున్నావిడకి మాత్రం మోకాళ్ళ నొప్పులున్నట్టు లేదు. రేపు ఆ ఇంట్లో ఉండబోయేది ఆవిడ కాదు, మా చెల్లెలు. అందుకని ఫోన్లో చెబితే సగం నీకు వినపడదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మీ హైదరాబాదు అపార్టుమెంటులో బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తాయి, మధ్య గోడ ఉత్త తెర. దాన్ని పడగొడితే దుమ్ము తప్ప ఇంకేం రాదు. మీ తాతగారి ఇల్లు అలా కట్టలేదు. అక్కడ గోడే మోస్తుంది. 18 అంగుళాల మందం, సున్నంతో కట్టిన ఇటుక. దాని మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాటి మీద పెంకు. ఏ గోడ మీద ఏ దూలం కూర్చుందో కాగితం మీద గీసుకోకుండా ఒక్క ఇటుక కూడా కదపనివ్వకు. నీ ఆర్కిటెక్టు కుర్రాడు తెలివైనవాడే, కానీ అతని బొమ్మలో పైకప్పు లేదు, చూశావా? పైనుంచి మూత తీసిన డబ్బాలాగా గీశాడు.

పని మొదలుపెట్టే ముందు సెలవు పెట్టుకుని వారం రోజులు ఆ ఇంట్లో పడుకో. ఒక వాన పడేదాకా ఉంటే మరీ మంచిది. ఒక స్క్రూడ్రైవరు, నిచ్చెన, టార్చిలైటు దగ్గరుంచుకో. వాసం మధ్యలో చూసి బాగుందనుకోకు. అది గోడలోకి దూరే చోట గుచ్చి చూడు. చెదలు గానీ కుళ్ళు గానీ అక్కడే మొదలవుతాయి, ఎందుకంటే నెమ్ము అక్కడే నిలుస్తుంది. స్క్రూడ్రైవరు టక్కున ఆగితే ఆ వాసం ఇంకో యాభై ఏళ్ళుంటుంది. అంగుళం దిగిపోతే ఆ ముక్క మార్చాలి. మొత్తం వాసం కాదు, చివర మాత్రం కోసి కొత్త టేకు ముక్క జోడించే వడ్రంగులు మన వైపు ఇంకా ఉన్నారు.

దక్షిణపు గదిలో పగులుంది కదా, దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క ఒకటి పీఓపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అంటించి, పక్కన పెన్సిలుతో తేదీ వెయ్యి. నాలుగు నెలల తర్వాత గాజు విరక్కపోతే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయిన పగులు, పూడ్చేసి మర్చిపోవచ్చు. విరిగిందా, గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు రంగు గురించి కాదు, పునాది పక్కన నీళ్ళెక్కడ నిలుస్తున్నాయా అని ఆలోచించాలి.

ఇక పడమటి గోడ. నువ్వు రాసినట్టు దానికి ఎన్ని వాటర్‌ప్రూఫ్ రంగులేసినా ఏడాదికే పెచ్చులూడుతోంది. తప్పు ఎవరిదో చెప్పనా? నాదే. 1996 నవంబరు తుపానులో ఆ వైపు పెంకంతా లేచిపోయి, గోడ రెండు రోజులు వానలో నానింది. దూలాలు మాత్రం అంగుళం కదల్లేదు. అప్పుడు నేను ఓవర్సీరుని, సిమెంటంటే మహా నమ్మకం. పాత సున్నపు గిలాబు, అంటే గోడ మీది పూత, గీకించేసి దగ్గరుండి సిమెంటు గిలాబు చేయించాను. మీ నాన్న కాఫీ ఇస్తూ "బావా, ఇంక వందేళ్ళు చూడక్కర్లేదు" అన్నాడు. మూడో ఏడు నుంచి ఊడటం మొదలైంది.

కారణం తర్వాత తెలిసింది. పాత ఇళ్ళకి పునాది మీద నెమ్మును ఆపే పొర ఉండదు. నేలలో చెమ్మ ఇటుకలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గిలాబైతే దాన్ని ఎప్పటికప్పుడు గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు మూతేసినట్టు అడ్డుకుంటుంది. దారిలేని నీరు గోడలో ఇంకా పైకి ఎక్కి, ఇటుక లోపల ఉప్పు కట్టి, గిలాబుని బయటికి నెట్టేస్తుంది. దాని మీద నువ్వేసిన వాటర్‌ప్రూఫ్ రంగు ఇంకో మూత. అనుమానంగా ఉంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకి ఆనించి నాలుగు వైపులా టేపుతో మూసెయ్యి. రెండు రోజులకి కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు, చెమట పడితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే అది గాలిలో తేమ.

మందు ఇది. నెమ్ము గీత ఎక్కడుందో చూసి, దానికి ఇంకో అడుగు పైదాకా ఆ సిమెంటంతా ఊడగొట్టించు. గోడని ఒక వేసవి అలాగే నగ్నంగా ఎండనివ్వు. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. తర్వాత గానుగ సున్నంతో గిలాబు. సున్నం కనీసం రెండు వారాలు తొట్టెలో నానాలి. పాతకాలం మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు కలిపేవాళ్ళు, ఇప్పుడూ తెలిసినవాడు దొరికితే అడుగు. అన్నిటికంటే ముందు గోడ బయట చూడు. మన వీధికి సిమెంటు రోడ్డు రెండుసార్లు వేశారు, మీ అరుగు మెట్లలో ఒకటి మట్టిలో కలిసిపోయింది. ఆ తర్వాత మీ నాన్న దొడ్డంతా మెరక చేయించాడు. మట్టి ఇప్పుడు లోపలి నేల కంటే ఎత్తుగా గోడకి ఆనుకుని ఉంది. గోడ వెంట 2 అడుగుల వెడల్పున ఆ మట్టి లాగించి, లోపలి నేల కంటే అడుగు కిందికి దించి, కంకర పోసి, నీళ్ళు కాలవ వైపు పోయేలా వాలు పెట్టించు. ఈ ఒక్క పనికి అయ్యే ఖర్చు నీ ఫాల్స్ సీలింగు బిల్లులో ఒక మూలంత కూడా ఉండదు.

మండువా సంగతికొస్తాను. దాని మీద స్లాబు వద్దు. నాలుగు వైపుల పెంకూ లోపలికే వాలి ఉన్న ఇల్లది. ఆకాశం మూసేస్తే ఆ నీళ్ళెక్కడికి పోవాలి? పైగా చుట్టూ ఉన్న గదులకి వెలుతురు అక్కణ్ణుంచే, వేడి గాలి పైకి పోయేదీ అక్కణ్ణుంచే. వేసవి మధ్యాహ్నం మీ తాతగారు కరెంటు లేకుండా పడుకున్నది ఆ గాలికే.

నీ బాధ నాకు అర్థమైంది. కోతులు, దోమలు, వానజల్లు, రాత్రిపూట మీ అమ్మ ఒంటరిగా ఉంటుందన్న భయం. వీటిలో మూడింటికి ఊచల జాలీ, దాని కింద దోమల మెష్ చాలు. నా మాట వింటే మొదటి ఏడాది అంతవరకే చేయించి, ఒక వానాకాలం గడపండి. అయినా పైన కప్పు కావాలనిపిస్తే అప్పుడు పారదర్శకమైన షీటు వేసుకోవచ్చు, కానీ చూరుకి ఆనించి కాదు. చూరు మట్టానికి 3 అడుగుల ఎత్తున, నాలుగు వైపులా పెంకు మీదికి 2 అడుగులు ముందుకొచ్చేలా. పెంకు వాలుగా లేస్తుంది కాబట్టి ఆ అంచు దగ్గర మిగిలే సందు అడుగున్నర, రెండడుగులే. వేడి గాలి పోవడానికి ఆ సందు ఉండాలి. ఇనప కాళ్ళు పెంకు మీద కాదు, కింద స్తంభాల వరసలో దిగాలి. మన తుపాను గాలి షీటుని కిందనుంచి ఎత్తేస్తుంది, కాబట్టి బోల్టుల దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఇక్కడే చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. కప్పు వేశాం కదా, ఇంక మండువాలోకి నీళ్ళు రావని తూము మూసేసి, నేల పైకి లేపి టైల్సు పరిచేస్తారు. షీటు మీద పడ్డ నీళ్ళు పెంకు మీద పడతాయి, పెంకు ఇంకా లోపలికే వాలి ఉంది. మొదటి పెద్ద వానకి హాలు చెరువవుతుంది. కప్పున్నా లేకపోయినా గుంట గుంటగానే ఉండాలి, తూము తూముగానే ఉండాలి. రెండు వాలులు కలిసే నాలుగు మూలల్లో ఉన్న రేకు దోనెలు కూడా ఈసారి మార్పించు. ఇంట్లో కారే నీళ్ళలో ఎక్కువ భాగం ఆ మూలల్లోంచే వస్తాయి, పాపం పెంకుల మీద నింద పడుతుంది.

బాత్రూము గదిలోనే కట్టొద్దు. సున్నపు గోడ పక్కన రోజూ నీళ్ళు పారితే పడమటి గోడ కథే మళ్ళీ. మీ అమ్మ గదికి దొడ్డి వైపు 3 అడుగుల కిటికీ ఉంది చూడు, బాత్రూము దానికి అవతల, ఇంటి బయట కట్టించు. ఆ కిటికీ కింది గోడ కోసేస్తే అదే గుమ్మం. పైన బరువు మోసే చెక్క ఎప్పట్నుంచో అక్కడే ఉంది, కొత్తగా ఏదీ గుచ్చక్కర్లేదు. ఈ చిట్కాతో ఎన్ని పాత ఇళ్ళకి బాత్రూములు కట్టానో లెక్కలేదు. కొత్త పునాదిని పాతదానికి కలపనివ్వకు. మన డెల్టా నేల మెత్తన, కొత్త కట్టడం మొదటి రెండేళ్ళలో కొంచెం దిగుతుంది. కట్టేశావంటే పాత గోడని కూడా పట్టుకుని లాగుతుంది. మధ్యలో అర అంగుళం సందు ఉంచి, అందులో మెత్తటి సీలెంటు నింపించు.

లోపల గడప వద్దు. గది నేల కంటే అర అంగుళం దిగువ, తూము వైపు గజానికి అర అంగుళం వాలు చాలు. తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ దారి ఉండాలి, రేపు వాకరు పట్టుకుని నడవాల్సొచ్చినా తిప్పుకోగలదు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించు. లోపల పడిపోతే మనిషి అడ్డంపడి, లోపలికి తెరిచే తలుపు రాదు. కమోడు పక్కన పట్టుకునే కడ్డీ టైల్సుకి కాదు, ఇటుకలోకి దిగాలి. సెప్టిక్ ట్యాంకూ, దాని ఇంకుడు గుంటా బావికి 60 అడుగుల లోపు రానివ్వకు.

వంటింటి గోడ మొత్తం తీయడం కుదరదు, రెండు దూలాలు దాని మీదున్నాయి. అయినా మిరపకాయల పోపు ఘాటుకి హాల్లో కూర్చున్నవాళ్ళు దగ్గుతుంటే చూడాలని నీకెందుకమ్మా? 5 అడుగుల ద్వారం తెరిపించు, చాలు. దానికి పద్ధతుంది. ముందు దూలాల కింద జాకీలు పెట్టాలి. గోడకి ఒక వైపునుంచి సగం మందం మాత్రమే చెక్కి, ఒక ఇనప ఐ బీము దూర్చి, పైన సందు లేకుండా గట్టి మాలుతో కూరాలి. వారం ఆగాలి. తర్వాత రెండో వైపునుంచి మిగతా సగం చెక్కి రెండో బీము. రెండింటినీ బోల్టులతో కలిపాకే కింద ఇటుక తీయాలి. బీము చివరలు రెండు పక్కలా కనీసం 9 అంగుళాలు గోడ మీద, అదీ కాంక్రీటు దిమ్మె మీద కూర్చోవాలి. ఒక్కరోజులో కొట్టేస్తాం అన్న మేస్త్రీని ఆ గుమ్మంలోంచే పంపించెయ్యి.

వంటగట్టు ఎత్తు నీ ప్లానులో 36 అంగుళాలు. మీ అమ్మ ఐదడుగులు లేదు. ఆవిణ్ణి చెప్పుల్లేకుండా నిలబెట్టి, మోచెయ్యి వంచి, అక్కణ్ణుంచి నేలకి టేపు పెట్టు. అందులోంచి 5 అంగుళాలు తీసెయ్యి, అదీ ఎత్తు. నా లెక్కన 32 దగ్గర తేలుతుంది. నువ్వు ఏడాదికి రెండుసార్లు వచ్చి వండేదానికి కొంచెం వంగితే నష్టమేం లేదు.

నేల గురించి తొందరగా చెప్పేస్తాను. ఆ ఎర్ర గచ్చు మీద టైల్సు పరిస్తే తలుపులన్నీ కోయాలి, నేలలో నెమ్ము పైకి రాలేక గోడల్లోకి మళ్ళుతుంది. శుభ్రంగా కడిగించి, అరిగిన చోట మాసిక వేయించి, మైనం పాలిషు పెట్టించు. ఫాల్స్ సీలింగు ఏసీ పెట్టే ఒక్క గదికి చాలు, అందులోనూ మనిషి దూరేంత తలుపు ఉంచాలి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి, పెంకు ఎక్కడ కారుతోందో కనపడదు. పాత వైరింగు ఒక్క మూర కూడా ఉంచకు. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఇంటికంతటికీ ఎర్తు, షాకు కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి. పైపులూ తీగలూ మూసేముందు టేపు ఆనించి ఫోటోలు తీసుకో.

వాస్తు సిద్ధాంతిని ప్లాను దశలోనే పిలు, సగం గోడ లేచాక కాదు. ఆయన చెప్పినవాటిలో కిటికీ జరిపేవి చేద్దాం, దూలం జరిపేవి వద్దు. మీ అమ్మ నమ్మకం మీ అమ్మది, కాదనకు.

కూలి సంగతి. చదరపు అడుగుకి ఇంత అని లేబరు కాంట్రాక్టు కొత్త ఇంటికి సరిపోతుంది. పాత ఇంట్లో గిలాబు ఊడగొట్టేదాకా కింద ఏముందో ఎవడికీ తెలీదు. అందుకని ఊడగొట్టుడుకి రోజు కూలి, గిలాబుకీ నేలకీ కొలత లెక్క పెట్టుకో. నీ దగ్గరున్న డబ్బులో నాలుగో వంతు పక్కన పెట్టి, అది లేదనుకునే ప్లాను వెయ్యి.

సంక్రాంతి వెళ్ళగానే పైకప్పు విప్పించు. రోహిణి కార్తె నాటికి పెంకు మళ్ళీ ఎక్కాలి. తొలకరి నీ వడ్రంగి కోసం ఆగదు. లోపలి పనులు ఆషాఢంలో చేసుకున్నా పర్వాలేదు.

దొడ్లో కొట్టం వెనక పాత బెంగుళూరు పెంకుల దొంతర ఒకటుండాలి, తుపాను తర్వాత మీ నాన్న దాచినవి. పాతసామాన్లవాడికి అమ్మేశారేమో కనుక్కో. అమ్మకపోతే వాటి మీద ఒక గోనెపట్టా కప్పించు. ఇప్పటి అచ్చు వాటికి కలవదు, మనకి మూలల దగ్గర కావలసినవి అవే. జనవరిలో నేనొచ్చేటప్పుడు గోడ నిలువు చూసే నా తూకంగుండు తెస్తాను, నిచ్చెన మాత్రం మీరే చూడండి.

మావయ్య