కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ తిరగడానికి 4 లక్షల్లో మైలేజీ ఇచ్చే పాత కారు ఏది?

మీరు అడిగింది: రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు, నెలకోసారి సూర్యాపేటలో అమ్మానాన్నల దగ్గరికి, ఇంట్లో నలుగురు, చేతిలో 4 లక్షలు. మైలేజీ బాగా వచ్చే సెకండ్ హ్యాండ్ కారు ఏది, కొనే ముందు ఏం చూసుకోవాలి?

ముందు కిలోమీటర్ల లెక్క వేద్దాం. ఆఫీసుకు రానూపోనూ 30, నెలకు 25 రోజులంటే 750. సూర్యాపేట రానూపోనూ సుమారు 270. నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకోండి. లీటరు పెట్రోలు 107 రూపాయల చొప్పున, 15 మైలేజీ ఇచ్చే బండికి నెలకు 7,130 రూపాయలు, 17 ఇచ్చే బండికి 6,290 అవుతుంది. తేడా 840, ఏడాదికి పది వేలు. క్లచ్ సెట్టు అరిగిపోయిన బండి కొంటే ఆ పది వేలు గ్యారేజీలో ఒక్క పూటలో పోతాయి. నాలుగు టైర్లు వేయించాల్సి వస్తే ఇంకో ఏడాదిన్నర ఆదా పోతుంది. కాబట్టి ఒకటి రెండు కిలోమీటర్ల మైలేజీ తేడా చూసి మోడల్ ఎంచుకోకండి. మూడు నాలుగు మోడళ్ళు మనసులో పెట్టుకుని, వాటిలో ఏ బండి కండిషన్ బాగుందో దాన్ని తీసుకోండి.

మీ అవసరానికి నా మొదటి ఓటు 2019 తర్వాతి వాగన్ ఆర్ 1.0 పెట్రోల్, మాన్యువల్ గేరు. 2019లో కంపెనీ చెప్పిన మైలేజీ 22.5. ఏసీ వేసుకుని మన ట్రాఫిక్‌లో తిరిగితే 14 నుంచి 16, హైవే మీద 80 దాటకుండా వెళ్తే 19, 20 వస్తుంది. టైమింగ్ చెయిన్ ఇంజన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. 2019 జులై తర్వాత తయారైనది చూడండి, అప్పటికి ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, రివర్స్ సెన్సార్లు అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. అయితే ఒక మాట దాచకూడదు. కార్లను గుద్దించి భద్రతకు ఐదింటికి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023లో వాగన్ ఆర్‌కు ఇచ్చింది ఒక్క స్టారే. విజయవాడ హైవే మీద పిల్లలతో వెళ్ళే ప్రయాణమే మీకు ముఖ్యమైతే టాటా టియాగో పెట్రోల్ చూడండి. దానికి 2020లో నాలుగు స్టార్లు వచ్చాయి. మైలేజీ ఒకటి రెండు తగ్గుతుంది, ఇంజన్ వణుకు కాస్త తెలుస్తుంది, బాడీ మాత్రం గట్టిది. స్విఫ్ట్ పెట్రోల్ కూడా మంచి బండే, కానీ మీ బడ్జెట్‌లో ఇంకా పాతది వస్తుంది.

డీజిల్ గురించి చాలామంది చెబుతారు. కాగితం మీద నిజమే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 1,900 రూపాయలు మిగులుతుంది. కానీ డీజిల్ కొనేవాళ్ళు బాగా తిరగడానికే కొంటారు, అందుకే 4 లక్షల్లో దొరికే డీజిల్ బండ్లు లక్ష దాటి తిరిగినవే ఎక్కువ. టర్బోనో ఇంజెక్టర్లో పోయాయంటే రెండేళ్ళ ఆదా ఒక్కసారిగా కరిగిపోతుంది. నెలకు 1,500 దాటి, అదీ హైవే మీద తిరిగితేనే డీజిల్ ఆలోచించండి. సీఎన్‌జీ కావాలంటే కంపెనీ ఫిట్టింగే తీసుకోండి, ఆర్‌సీలో ఇంధనం దగ్గర సీఎన్‌జీ అని ఉండాలి. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) జరగాలి, ప్లేటు మీద తేదీ చూడండి. మీ దారిలో బంకు లేకపోతే క్యూలో పోయే టైమే ఎక్కువ. డిక్కీ కూడా సిలిండర్‌కే సరిపోతుంది, సూర్యాపేట నుంచి బియ్యం బస్తా తెచ్చుకోవడానికి చోటుండదు.

పాత ఏఎంటీ బండ్లు, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతట అవే మారేవి, వద్దంటాను. క్లచ్‌ను నడిపే యాక్చువేటర్ పోతే రిపేరు ఖర్చు మామూలు క్లచ్‌కు ఎన్నో రెట్లు. షెవర్లే 2017 చివర్లో, ఫోర్డ్ 2021లో, డాట్సన్ 2022లో ఇక్కడ అమ్మకాలు ఆపేశాయి. ధర తక్కువని మీదపడకండి, చిన్న హెడ్‌లైటు కోసం కూడా వారాలు ఎదురుచూడాల్సి రావచ్చు, తిరిగి అమ్మేటప్పుడు అడిగేవాళ్ళుండరు.

ఇక బండి చూడటానికి వెళ్ళినప్పుడు. పొద్దున్నే వెళ్ళండి, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరులోనే సగం విషయం తెలుస్తుంది. సెల్ఫ్ రెండు సెకన్ల లోపు పట్టాలి. సైలెన్సర్ వెనుక ఒకరిని నిలబెట్టండి. చలికాలం పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి పోతే పర్వాలేదు, నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు తాగుతోందని అర్థం. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. మూతకు కాఫీ రంగు నురగ ఉంటే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) కూడా లాగి చూడండి. మూతకు మాత్రమే కొంచెం ఉంటే దగ్గర దూరాలు తిరిగిన బండి కావచ్చు, డిప్‌స్టిక్ మీద కూడా ఉంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వచ్చి ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి, ఆ బండి వదిలేయండి.

వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కోండి, ఇంజన్ కంప్యూటరులోని వివరాలు ఫోన్లో చూపిస్తుంది. 2013 ఏప్రిల్ తర్వాతి కార్లకు స్టీరింగ్ కింద దాని సాకెట్టు ఉంటుంది. ఎర్రర్ కోడ్లు ఒక్కటే చూసి ఆగిపోకండి. కోడ్లు చెరిపేసి ఎన్ని కిలోమీటర్లయింది అనే లెక్క చాలా బండ్లలో కనిపిస్తుంది. అది 5, 10 అని చూపిస్తే మీరు వస్తున్నారని నిన్న రాత్రి లైటు ఆర్పించారన్నమాట. తర్వాత కూలెంట్ టెంపరేచర్ తెరిచి బండి నడపండి. పది నిమిషాల్లో 80 డిగ్రీలు దాటి అక్కడక్కడే తిరగాలి. హైవే మీద కూడా 65, 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతే, ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ వాల్వు పాడైంది, లేదా ఎవరో పీకేశారు. బండి వేడెక్కుతోందని వస్తే కొన్ని చోట్ల మెకానిక్‌లు రేడియేటరు కడగకుండా, ఫ్యాను చూడకుండా ఆ వాల్వే తీసి పారేస్తారు. దాంతో ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉన్నట్టే కంప్యూటరు అనుకుని పెట్రోలు ఎక్కువ వదులుతుంది. యజమానేమో ఈ మోడల్ మైలేజీ ఇంతేనని తిడుతుంటాడు. వాల్వు చవకే, అయితే అది ఎందుకు పీకారో తెలియకుండా ఆ బండి కొనకండి.

మైలేజీ తినేసే రెండో దొంగ బ్రేకులు. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా ఆపండి. దిగి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ముందువి రెండూ ఒకేలా వెచ్చగా ఉండటం మామూలే. ఒక చక్రం మాత్రం సెగ కొడుతుంటే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు పట్టేశాయి, లేదా వెనుక హ్యాండ్‌బ్రేక్ కేబులు వెనక్కి రావడం లేదు. చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి ఒక్కరే తోసి చూడండి, వాగన్ ఆర్ లాంటి బండి ఒక్కరి తోపుకు కదలాలి. టైరు సైజు కూడా డ్రైవర్ డోరు పిల్లర్ మీది స్టిక్కర్‌తో పోల్చండి. వాగన్ ఆర్‌కు వేరియంట్‌ను బట్టి 155/80 ఆర్13 లేదా 165/70 ఆర్14. చూడ్డానికి బాగుంటుందని 185 వేసినవి ఉంటాయి, వాటికి పికప్ కూడా, మైలేజీ కూడా తగ్గుతాయి. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది: 2319 అంటే 2019లో 23వ వారం. పెద్దగా అరగకపోయినా ఆరేళ్ళు దాటిన టైర్లకు ధర తగ్గించమనండి.

క్లచ్ పరీక్ష: మూడో గేరులో 30 స్పీడులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే ప్లేటు అయిపోయింది.

యాక్సిడెంట్ బండి పట్టుకోవాలంటే పెయింటు మెరుపు చూడకండి, బోల్టులు చూడండి. బోనెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు చెదిరి ఉంటే అవి ఒకసారి విప్పారు. అంతమాత్రాన వదిలేయక్కర్లేదు, మన ఊళ్ళో బంపరుకు, డోరుకు టచప్ లేని బండి అరుదు. చూడాల్సింది లోపలి యాప్రాన్ (ఇంజన్ గది పక్క రేకు), పిల్లర్లు (డోర్ల పక్కన పైకప్పును మోసే నిలువు స్తంభాలు). బోనెట్ ఎత్తి హెడ్‌లైట్ల వెనుక రేకు మీద కంపెనీ స్పాట్ వెల్డింగులు చూడండి. చిన్న గుండ్రటి నొక్కులు సమాన దూరంలో వరసగా ఉండాలి. ఒక వైపు నొక్కులుండి రెండో వైపు నున్నగా పూసేసి ఉంటే అటు రేకు మార్చారు. డోరు రబ్బరు బీడింగు లాగి పిల్లర్ అంచు కూడా ఇలాగే చూడొచ్చు. యాప్రాన్, పిల్లర్ దెబ్బతిన్న బండి ఎంత చవకైనా వద్దు. అలైన్‌మెంటు నిలబడదు, టైర్లు ఒకవైపే అరుగుతాయి, మళ్ళీ గుద్దుకుంటే ఆ రేకు ఆగదు.

నీళ్ళలో మునిగిన బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ, 2015, 2023 డిసెంబర్లలో చెన్నై మునిగాయి. ఆ బండ్లు కడిగించుకుని వేరే ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, అడుగున బురద గీత ఉందేమో చూడండి. బెల్టులు మార్చేసి ఉంటే వాటి మీది లేబుల్ తేదీ బండి ఏడాదితో కలవదు. ముందు సీట్ల కింద పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన మట్టి, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన, డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి, వీటిలో రెండు కనిపించినా బేరం ఆపేయండి. వైరింగ్ సమస్యలు ఆర్నెల్లకో ఏడాదికో మొదలై ఇక ఆగవు. విశాఖ, కాకినాడల నుంచి వచ్చిన బండైతే కింద పడుకుని సైలెన్సర్, లోయర్ ఆర్మ్ బిగింపుల దగ్గర తుప్పు చూడండి, సముద్రపు గాలి రేకును తినేస్తుంది.

మీటరు వెనక్కి తిప్పడం పెద్ద కష్టమేం కాదు, కాబట్టి అంకెను నమ్మొద్దు. బండి నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడిగించండి, యజమాని చేతే అడిగించడం తేలిక. 40 వేలు తిరిగిందంటున్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు ఒక మూల నున్నగా అరిగి, డ్రైవర్ సీటు కుడి అంచు కుంగి, స్టీరింగ్ పదీ రెండు గంటల చోట మెరుస్తుంటే ఆ 40 వేలు నిజం కాదు. ట్యాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకు మారినవీ ఉంటాయి. నంబర్ ప్లేటు ఫ్రేము వెనుక పసుపు రంగు, ఇంజన్ గదిలో స్పీడ్ గవర్నర్ పీకేసిన వైర్లు దాని గుర్తులు.

కాగితాలు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో యజమానో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకానో, హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోను) ఉందో చూడండి. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు ఫారం 29, 30. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఏపీ నంబరు బండో ఢిల్లీ నంబరు బండో 50 వేలు తక్కువకు వస్తోందని సంబరపడితే, ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. ఆ తక్కువ ధర అక్కడే పోతుంది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి. డెలివరీ తీసుకున్న రోజు తేదీ, గంట, మీటరు రీడింగుతో కాగితం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, ఆ గంటకు ముందు చలాన్లన్నీ వాళ్ళవని అందులోనే రాయండి.

బేరంలో ఒక మాట తప్పకుండా వాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు నాటి రేట్లు చెప్పే డీలరుకు కొత్త కారు ఇవాల్టి ధర ముందు పెట్టండి.

4 లక్షలూ బండికే పెట్టకండి. 3 లక్షల 70 వేల దగ్గర ఆగి 30 వేలు చేతిలో ఉంచుకోండి. కొన్న వారంలోనే ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు మార్పించండి, పాత యజమాని మార్పించానన్నా సరే. 2023 ఏప్రిల్‌కు ముందు బండ్లు చాలావరకు ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) కోసం తయారైనవి కావు, అందుకని పెట్రోలు పైపులకు, రబ్బరు జాయింట్లకు పగుళ్ళున్నాయేమో అప్పుడే చూపించండి. మైలేజీ కొద్ది శాతం తగ్గడం కూడా ఈ20 వల్ల ఉంటుంది. తర్వాత ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవండి: పంపు దానంతట అది ఆగేదాకా నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగి అదే బంకులో అదే పంపు దగ్గర మళ్ళీ ఆగేదాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. డ్యాష్‌బోర్డు చూపించే సగటు సాధారణంగా కాస్త ఎక్కువే ఉంటుంది. సిటీలో 13 కన్నా తక్కువ వస్తే ముందు టైర్ల గాలి, ఆ తర్వాత బ్రేకులు, ఆ తర్వాత థర్మోస్టాటు, ఈ వరసలోనే చూపించండి.