యూనియన్ ఉన్నా విడిగా లీగల్ ప్లాన్ కట్టాలా?

అమెరికాలో ఎయిర్‌లైన్‌లో పైలట్‌గా చేరాను, యూనియన్ ఉంది, మళ్ళీ విడిగా లీగల్ ప్లాన్‌కు (ముందే డబ్బు కట్టి ఉంచితే, లైసెన్స్ మీదికి వచ్చినప్పుడు లాయర్ సాయం ఇచ్చేది) డబ్బులెందుకు అని అడిగారు కదా. నేనైతే కట్టమనే అంటాను. కాకపోతే యూనియన్ సాయం ఎక్కడిదాకా వస్తుందో ముందు అడిగి కనుక్కోండి. డ్యూటీలో జరిగినదానికి వాళ్ళు నిలబడతారు సరే, సెలవు రోజున చిన్న సెస్నా విమానం తీసుకెళ్ళి పొరపాటున నిషేధిత గగనతలంలోకి దూరితేనో, మెడికల్ ఫారంలో పాత మందు ఒకటి రాయడం మర్చిపోతేనో? ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) చెయ్యి పడేది మీ సర్టిఫికెట్ మీద, అంటే పైలట్ లైసెన్స్ మీద, అది పోతే జీతమూ పోయినట్టే.

'పైలట్ డీవియేషన్ (పైలట్ నిబంధన తప్పడం) అయ్యుండొచ్చు, ఈ నంబర్ రాసుకోండి' అని కంట్రోలర్ రేడియోలో చెప్పాక ప్లాన్ కొంటే ఆ సంఘటనకు పనికిరాదు, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. సస్పెన్షన్ ఆర్డర్ వస్తే ఎన్‌టీఎస్‌బీకి (అమెరికా రవాణా భద్రతా బోర్డు) అప్పీల్ చేయడానికి 20 రోజులే, ఎమర్జెన్సీ ఆర్డరైతే 10. ఆ టెన్షన్‌లో ఏవియేషన్ లాయర్‌ను ఎక్కడ వెతుక్కుంటారు?

అన్నట్టు, ప్లాన్ ఉన్నా లేకున్నా సంఘటన జరిగిన 10 రోజుల్లోపు నాసా ఏఎస్‌ఆర్‌ఎస్‌కు (విమాన భద్రతకు సంబంధించిన పొరపాట్లను స్వచ్ఛందంగా తెలియజేసే వ్యవస్థ) రిపోర్ట్ పంపేయండి. ఉచితమే. కావాలని చేసిన తప్పు కాకపోతే చాలాసార్లు సస్పెన్షన్ పడకుండా అదే కాపాడుతుంది.