మెత్తగా నూరినంత మాత్రాన అల్యూమినా పోదు

"ఇనుప ఖనిజంలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఎక్కువుంటే ఇంకా మెత్తగా నూరి కడిగేస్తే సరిపోదా? నానో స్థాయిలో చూడాల్సిన అవసరమేంటి?" అని అడిగారు.

కొంత పోతుంది, కొంత ఎంత నూరినా పోదు. ఏది ఎంతో కెమికల్ రిపోర్టు చెప్పదు. అల్యూమినా 4 శాతం అని రాసి వదిలేస్తుంది. ఆ 4 శాతం రంధ్రాల్లో ఇరుక్కున్న బంకమట్టి అయితే నీళ్ళకే చాలావరకు వదులుతుంది. అదే గోథైట్ అనే ఇనుప ఖనిజపు స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన చోట అల్యూమినియం కూర్చుని ఉంటే, పిండి చేసినా ప్రతి పిండి రేణువులోనూ అదే ఉంటుంది. గోథైట్‌లో ఇనుము స్థానాల్లో మూడో వంతు దాకా అల్యూమినియం ఆక్రమించగలదు. ఇంకో ఇనుప ఖనిజమైన హెమటైట్‌లో అందులో సగమే.

మాది బళ్ళారి వైపు. ఎర్ర దుమ్ము పట్టిన లారీల మధ్యే పెరిగాను. ఎంటెక్ ప్రాజెక్టుకి సండూరు కొండల ఖనిజమే తీసుకున్నాను. పాలిష్ చేసిన బ్లాకుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి పెద్దది చేస్తూ పోతే, గోథైట్ రంధ్రాల అంచుల్లో 50 నానోమీటర్లకు అటూ ఇటూ చిన్న చిన్న గుండ్రటి రేణువులు కనిపించాయి. మామూలు మైక్రోస్కోపుకి 200 నానోమీటర్ల కంటే చిన్నవి విడిగా కనిపించవు కాబట్టి అంతకుముందు ఎవరూ చూసి ఉండరనుకున్నాను. ఎక్స్-రే సిగ్నల్‌లో అల్యూమినియం, ఆక్సిజన్ ఉన్నాయి, సిలికాన్ లేదు. సిలికాన్ లేదంటే బంకమట్టి కాదు, జిబ్‌సైట్ (అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఖనిజం) అని రాసేశాను. ఐదు వారాలు అదే లోకం. సెమినార్ స్లైడ్లు కూడా సిద్ధం.

సెమినార్‌కి రెండు రోజుల ముందు, పాలిషింగ్ గది చూసుకునే అన్న నా ఫొటోలు చూసి, "చివర్లో ఏ పౌడర్ వాడారమ్మా?" అని అడిగాడు.

నేను వాడింది 0.05 మైక్రాన్ అల్యూమినా. అంటే సరిగ్గా 50 నానోమీటర్లు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. గోథైట్ అంతా రంధ్రాలమయం, పాలిష్ పొడి అందులో దూరితే అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టినా పూర్తిగా రాదు. జిబ్‌సైట్‌కీ అల్యూమినాకీ తేడా హైడ్రోజన్. ఆ ఎక్స్-రే పద్ధతికి హైడ్రోజన్ కనిపించదు. స్ఫటికం అమరికను చూపే ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ తీసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. స్లాట్ దొరకలేదని మానేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేపర్లలో మైక్రోస్కోపు మోడలు, వోల్టేజి అన్నీ రాస్తారు, నమూనా దేనితో పాలిష్ చేశారో ఒక ముక్క రాయరు. అల్యూమినా గురించి రాస్తూ అది రాయకపోవడం పెద్ద తప్పు. గంట లెక్కన డబ్బు కట్టి పెద్ద మెషిన్ మీద కూర్చోవాలన్న తొందరలో పాలిషింగ్ గదిని ఎవరూ పట్టించుకోరు. ఆ అన్నకి ఉన్న అనుభవం మాలో ఎవరికీ లేదు, ఆయన పేరు మాత్రం ఏ థీసిస్‌లోనూ కనిపించదు.

బ్లాకులన్నీ అరగదీసి డైమండ్ పేస్ట్‌తో మళ్ళీ చేశాను. గుండ్రటి రేణువులు మాయమయ్యాయి. తర్వాత గాలియం అయాన్లతో లోపలి నుంచి 100 నానోమీటర్ల కంటే పలచటి రేకు కోయించి చూస్తే, హెమటైట్‌లో అల్యూమినియం దాదాపు లేదు, గోథైట్‌లో మాత్రం విడి రేణువులేవీ లేకుండా అంతటా సమంగా పరుచుకుని ఉంది. అంటే ఆ ఖనిజాన్ని ఎంత నూరినా దండగే. పైగా అతిగా నూరితే స్లైమ్స్ (మరీ సన్నటి బురద) పెరిగి, ఇనుము కూడా వాటితోపాటు టెయిలింగ్స్ (వ్యర్థాల) చెరువులోకి పోతుంది.

మన దగ్గర ఇప్పటికీ బేరమంతా ఇనుము శాతం మీదే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో అల్యూమినా పెరిగితే స్లాగ్ (కరిగిన మలినాల మడ్డి) చిక్కబడుతుంది, కోక్ ఖర్చు పెరుగుతుంది. 45 శాతం ఇనుమున్న హెమటైట్‌ని కూడా వ్యర్థం కింద లెక్కకట్టకూడదన్న ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) నిబంధన వచ్చాక నాసిరకం రాయిని శుద్ధి చేయక తప్పదు. అల్యూమినా ఎక్కడ దాక్కుందో తెలియకుండా ప్లాంటు కట్టడం నా దృష్టిలో డబ్బు నేలపాలు చేయడమే.

మీ నమూనాలో గోథైట్ ఎంత ఉందో ముందు ఎక్స్-రే డిఫ్రాక్షన్ చేయించండి. పాలిష్ మాత్రం డైమండ్‌తోనే చేయమని కాగితం మీద రాసివ్వండి.