ఎలుక మెదడు బ్లాట్‌లో 50 దగ్గర వచ్చిన బ్యాండ్ టౌ అవునా? సిన్యూక్లీన్ ఎందుకు కనబడటం లేదు?

మీరు అడిగింది ఇది: నల్లగొండలో ఫ్లోరైడ్ ప్రాజెక్టు, విస్టార్ ఎలుకల (ల్యాబులో పెంచే రకం) కార్టెక్స్ లైసేట్ (మెదడు పైపొరని నూరి తీసిన ద్రవం). టౌ అనే మెదడు ప్రోటీన్‌ని పట్టే టౌ-5 యాంటీబాడీతో బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతకడం) చేస్తే 50 కిలోడాల్టన్ల (ప్రోటీన్ సైజు కొలత) దగ్గర లావుపాటి బ్యాండ్ వస్తోంది, కంట్రోల్‌లోనూ ట్రీటెడ్‌లోనూ ఒకేలా. ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ఇంకో మెదడు ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ, క్లోన్ 42తో మాత్రం మెంబ్రేన్ ఖాళీ. వేరే కంపెనీ యాంటీబాడీ తెప్పించాలా అని.

ఇప్పుడే తెప్పించకండి. వేలకు వేలు పోస్తారు, ఆ బ్యాండ్ మళ్లీ అక్కడే వస్తుంది. ఈ రెండు క్లోన్లూ ఎలుక ప్రోటీన్‌ని బాగానే పట్టుకుంటాయి. క్లోన్ 42ని తయారు చేసిందే ఎలుక సిన్యూక్లీన్ వాడి. తేడా వేరేచోట ఉంది.

ముందు 50 బ్యాండ్ సంగతి. టౌ-5 మౌస్ (చిట్టెలుక) నుంచి వచ్చిన ప్రైమరీ యాంటీబాడీ, కాబట్టి దాన్ని పట్టి బ్యాండ్ చూపించే మీ సెకండరీ యాంటీ-మౌస్. విస్టార్ ఎలుక ఐజీజీకి (రక్తంలోని మామూలు యాంటీబాడీ), మౌస్ ఐజీజీకి పోలిక చాలా ఎక్కువ. మామూలు యాంటీ-మౌస్ సెకండరీ ఈ రెంటినీ విడదీయలేదు. మెదడులో మిగిలిన రక్తంలోని ఐజీజీ రెడ్యూసింగ్ జెల్‌లో విడిపోయి, హెవీ చైన్ 50 దగ్గర, లైట్ చైన్ 25 దగ్గర పరుగెత్తుతాయి. టౌ ఐసోఫాములు (అదే ప్రోటీన్‌లో రకాలు) కనబడేది 45 నుంచి 65 మధ్యలోనే. ఐజీజీ వచ్చి సరిగ్గా టౌ కుర్చీలో కూర్చుంటుందన్నమాట. రక్తం ట్రీట్‌మెంట్‌ని బట్టి మారదు కాబట్టి అన్ని లేన్లలోనూ ఒకేలా ఉంటుంది. అది చూసి "ఫ్లోరైడ్ వల్ల టౌలో మార్పేమీ లేదు" అని రాసేస్తే పరువు పోతుంది.

తేల్చుకోవడం సులువే. అదే మెంబ్రేన్ నుంచి ఒక స్ట్రిప్ కోసి, ప్రైమరీ వేయకుండా, సెకండరీ ఒక్కటే వేసి, ఎక్స్‌పోజర్ అంతే ఇచ్చి చూడండి. 50 దగ్గర బ్యాండ్ వచ్చిందా, అది ఐజీజీ. అప్పుడు తెప్పించాల్సింది ప్రైమరీ కాదు, ఎలుక సీరమ్ మీద అడ్సార్బ్ చేసిన యాంటీ-మౌస్ సెకండరీ. లైట్ చైన్‌ని మాత్రమే పట్టే సెకండరీ అయినా నడుస్తుంది, 25 దగ్గర బ్యాండ్ వచ్చినా టౌకి అడ్డం రాదు. వచ్చే బ్యాచ్ నుంచి మెదడు తీసే ముందు చల్లటి సెలైన్‌తో పర్‌ఫ్యూజన్ చేస్తే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడున్న శాంపిళ్లకు ఖర్చు లేని దారి మరిగించడం. టౌ నీళ్లు మరిగే వేడికి కూడా గడ్డకట్టదు, ఐజీజీ గడ్డకడుతుంది. 100 మిల్లీగ్రాముల కార్టెక్స్‌ని 1 మిల్లీలీటర్ చల్లటి టీబీఎస్‌లో (ట్రిస్, ఉప్పు ఉన్న బఫర్; ప్రోటియేజ్, ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు వేసి, డిటర్జెంట్ లేకుండా) హోమోజెనైజ్ చేయండి. 4 డిగ్రీల్లో 20,000 జి మీద 20 నిమిషాలు తిప్పి, పైది తీసి, కొంచెం పక్కన పెట్టుకుని, మిగతాది 100 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచండి. పాలు విరిగినట్టు తెల్లగా అవుతుంది, అలా కావాలి. ఐస్‌లో 10 నిమిషాలు పెట్టి మళ్లీ 20,000 జి మీద 15 నిమిషాలు తిప్పితే, పైన తేటగా ఉండేదాంట్లో టౌ ఉంటుంది. సిన్యూక్లీన్ కూడా వేడికి ఆగేదే, అదీ ఇందులోనే ఉంటుంది. ట్యూబు మూతకి క్లిప్పు పెట్టడం మరవొద్దు, లేకపోతే మూత ఎగిరి శాంపిల్ బ్లాక్ మీద పడుతుంది.

దీంతో రెండు ఇబ్బందులున్నాయి. అన్ని లేన్లలోనూ ప్రోటీన్ సమానంగా వేశామా అని చూసుకునే యాక్టిన్, జీఏపీడీహెచ్ మరిగితే పోతాయి, కాబట్టి లోడింగ్ కంట్రోల్ మరిగించని భాగం నుంచే వేయాలి. రెండోది, కరగని అగ్రిగేట్లు పెల్లెట్‌లోకి పోతాయి. మీరు వెతికేది ముద్దలుగా పేరుకున్న ప్రోటీన్ అయితే ఈ పద్ధతి పనికిరాదు.

సిన్యూక్లీన్ కనబడకపోవడానికి అసలు కారణం దాని సైజు. 140 అమైనో ఆమ్లాలు, దాదాపు 14 కిలోడాల్టన్లు. 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లోంచి దాటిపోతుంది. నిలబడ్డది కూడా టీబీఎస్‌టీ వాష్‌లలో ఊడిపోతుంది. పోన్సో (ప్రోటీన్లకు పట్టే రంగు) వేస్తే మిగతా బ్యాండ్లు చక్కగా కనబడతాయి కాబట్టి ట్రాన్స్‌ఫర్ బాగుందనుకుంటాం. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్, 20 శాతం మెథనాల్ ఉన్న బఫర్, చల్లగా 100 వోల్టులు, గంట. ట్రాన్స్‌ఫర్ కాగానే, బ్లాకింగ్‌కి ముందే, మెంబ్రేన్‌ని 0.4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 30 నిమిషాలు ఉంచండి. 4 శాతం స్టాక్ 5 మిల్లీలీటర్లకు 45 మిల్లీలీటర్ల పీబీఎస్ కలిపితే సరి. ఇక్కడ పీబీఎస్సే వాడాలి. ట్రిస్‌లో ఉన్న అమైన్ ఫార్మాల్డిహైడ్‌ని తినేస్తుంది, ఫిక్సింగ్ జరగదు. ఫ్యూమ్ హుడ్‌లో చేయండి. తర్వాత బాగా కడిగి 5 శాతం బీఎస్‌ఏతో (ఆవు సీరమ్ ఆల్బుమిన్) బ్లాక్ చేసి, ప్రైమరీ 1:1000తో రాత్రంతా 4 డిగ్రీల్లో. మొదటిసారి ఫిక్స్ చేసింది, చేయనిది పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని యాంటీబాడీల ఎపిటోప్ (అవి పట్టుకునే చోటు) ఫిక్సింగ్‌తో చెడుతుంది గానీ క్లోన్ 42కి ఆ బెడద లేదు.

ప్రోటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో నల్లగొండ గానీ పాలమూరు గానీ, ఏసీ లేని ల్యాబులో అది 38 దాటుతుంది. ఆ వేడిలో గంటల తరబడి ఇంక్యుబేషన్ పెడితే బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది, బీఎస్‌ఏ కూడా వాసన వస్తుంది. ఎండాకాలం బ్లాకింగ్ కూడా కోల్డ్ రూమ్‌లోనే చేయడం మేలు. హైదరాబాద్ నుంచి యాంటీబాడీ వచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ కరిగిందని మాత్రం గాబరా పడకండి, ఒక పూట వేడికి ఐజీజీ చావదు. దాన్ని చంపేది పదేపదే గడ్డకట్టి కరగడం. కరెంటు పోయి వచ్చే ఫ్రీజర్లలో జరిగేది అదే. గ్లిజరాల్ సగం ఉన్న వయల్ మైనస్ 20లో గడ్డకట్టదు కాబట్టి అలాగే ఉంచండి. గ్లిజరాల్ లేనిదాన్ని 10 మైక్రోలీటర్లకు తగ్గకుండా అలికాట్లు (చిన్న చిన్న వాటాలు) చేయండి. సోడియం అజైడ్ కలిపిన బఫర్‌ని హెచ్‌ఆర్‌పీ (బ్యాండ్‌ని వెలిగించే ఎంజైమ్) తగిలించిన సెకండరీకి వాడొద్దు, అజైడ్ హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది.

తర్వాత ఫాస్ఫో టౌ (ఫాస్ఫేట్ తగిలిన టౌ) చూస్తానన్నారు, ఏటీ8 యాంటీబాడీతో. అది సెరీన్ 202, థ్రియోనిన్ 205 మీద ఫాస్ఫేట్ ఉంటేనే పడుతుంది. "ఎలుకలు తాగిందే ఫ్లోరైడ్ నీళ్లు కదా, ఇన్హిబిటర్ దేనికి" అనే జోకు మన జిల్లా ల్యాబుల్లో నడుస్తుంటుంది. లెక్క వేయండి: లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే సుమారు 0.26 మిల్లీమోలార్. ఫాస్ఫేట్‌ని ఊడగొట్టే ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ని ఆపడానికి లైసిస్ బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్ 10 నుంచి 50 మిల్లీమోలార్ వేస్తాం. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 2.1 గ్రాములు కలిపితే 0.5 మోలార్ స్టాక్, ప్లాస్టిక్ సీసాలో పెట్టండి. దాంతోపాటు బీటా గ్లిసరోఫాస్ఫేట్ వేయండి. ఆర్థోవనడేట్ కోసం పీహెచ్ 10 దగ్గర మరిగించే తంటా ఇక్కడ పెద్దగా అక్కర్లేదు, అది ముఖ్యంగా టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లకు.

ఫాస్ఫో టౌ విషయంలో యాంటీబాడీ కన్నా ఎలుకని చంపిన తీరే ఎక్కువ తేడా తెస్తుంది. మత్తు ఇచ్చాక ఒంటి వేడి పడిపోతే టౌ ఫాస్ఫోరిలేషన్ దానంతటదే పెరుగుతుంది. కంట్రోల్ గుంపు మొత్తం పొద్దున, ట్రీటెడ్ గుంపు మధ్యాహ్నం తీస్తే మీరు కొలిచేది ఫ్లోరైడ్‌ని కాదు. ఒకటి ఇది, ఒకటి అది అని మార్చి మార్చి తీయండి. హీటింగ్ ప్యాడ్ మీద 37 డిగ్రీలు నిలబెట్టండి, మెదడు తీసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయండి.

ఏటీ8 బ్యాండ్ నిజమా కాదా అన్నది లాంబ్డా ఫాస్ఫటేజ్ చెబుతుంది. ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు, ఈడీటీఏ లేకుండా విడిగా చేసిన లైసేట్ 40 మైక్రోగ్రాములు, 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్, 400 యూనిట్ల ఎంజైమ్, 30 డిగ్రీల్లో 30 నిమిషాలు. ఎంజైమ్ వేయని ట్యూబు కూడా పక్కనే అంతసేపూ ఉంచాలి. ఎంజైమ్ వేసినదాంట్లో ఏటీ8 బ్యాండ్ పోయి, టౌ-5 బ్యాండ్ కొంచెం కిందికి దిగితే మీ బ్లాట్ సరైనదే. ఎంజైమ్ వేసినా ఏటీ8 బ్యాండ్ కదలకపోతే మళ్లీ సెకండరీనే అనుమానించండి.

పక్క ల్యాబు వాళ్లు హెచ్‌టీ7, ఎల్‌బీ509 ఇస్తామన్నా తీసుకోకండి. అవి మనిషి టౌ, మనిషి సిన్యూక్లీన్ కోసం. మీ విస్టార్ శాంపిల్లో ఖాళీగా కనబడటమే వాటికి సరైన ఫలితం.